ఇనుముకు వాత

నా భార్య కమలాక్షి కాలు విరగ్గొట్టుకుందని నేను మొదట చెప్పింది ఆమె తల్లి, మా అత్త చెంగమ్మకు. 2005 మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, మదనపల్లెలో ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి. కురబలకోట దగ్గర వాళ్ల ఊళ్లో ఫోనున్న అంగడివాళ్లు ఆమెను పిలుచుకొచ్చేదాకా లైన్లోనే ఉండి, ఆమె గొంతు వినపడగానే ఆ మాట అన్నాను.

నేను తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలితం చేసినవారికే చెందుతుందని ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి చెబుతాను. వండింది, వండుకుంది. కోసింది, కోసుకుంది. విరిగింది అనడానికీ విరగ్గొట్టుకుంది అనడానికీ ఎంత దూరం ఉందో తెలిసే అన్నాను. తర్వాత వారం రోజుల్లో డాక్టరుకూ, తోటి ఉపాధ్యాయులకూ, కమలాక్షికీ అదే మాట అన్నాను.

అది తప్పు మాట అని తెలిసేసరికి కమలాక్షి పోయి ఏడాది దాటింది. ఇక ఆ మాటను ఎవరి ముందు వెనక్కి తీసుకోవాలంటే మా అత్త ఒక్కతే మిగిలింది. ఆమె దగ్గరికి వెళ్లేదాకా జరిగింది రాస్తున్నాను.

కమలాక్షికి కుడి తుంటిలో నొప్పి 1996లో మొదలైంది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోతోందన్నారు. రెండేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, 1998లో మదనపల్లెలో ఆపరేషను చేయించాము. తుంటి గుంటలో ఒక గిన్నె, తొడ ఎముక లోపల జానెడు లోహపు కడ్డీ, ఆ కడ్డీ మెడ మీద ఒక గుండు అమర్చారు. లోహం పేరు టైటానియం అన్నారు డాక్టరు. ఇంట్లో మేమిద్దరం ఇనుమనే అనుకునేవాళ్లం.

ఇంటికి వచ్చిన రోజే డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఒక తెల్లకాగితం మీద రాసి వంటగది గోడకు అంటించాను. కింద కూర్చోకూడదు. గొంతుకూర్చోకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. వంగి బరువు ఎత్తకూడదు. నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలే.

కమలాక్షి ఒకసారి చదివింది. “అయివారూ, అయిదోది మరిచిపోయినారు. నవ్వకూడదు అని,” అంది.

అయివారంటే మా వైపు బడి పంతులు. పెళ్లయిన కొత్తలో ఎగతాళికి మొదలుపెట్టిన పిలుపు అది. అదే ఉండిపోయింది.

ఆమె ఆ నాలుగూ పాటించింది. బియ్యం ఏరినా స్టూలు మీదే. పెళ్లిళ్లలో అందరూ చాప మీద కూర్చుంటే ఆమె మాత్రం గోడ పక్కన కుర్చీలో. “కమలాక్షి దొరసానమ్మ అయిపోయింది సూడండే,” అని వాళ్ల ఊరి ఆడవాళ్లు అంటే, “ఏం జేద్దును, లోపల సీమ ఇనుము ఉండాది. అది కిందికి దిగనంటాది,” అనేది. వాకిట్లో ముగ్గు వేయడం ఒక్కటే ఆమె చేతికి అందకుండా పోయింది. ముగ్గు వేయాలంటే కూర్చోవాలి, లేదా నడుము దాకా వంగాలి. శుక్రవారాలు మాత్రం పక్కింటి మారెమ్మ వచ్చి వేసిపోయేది.

2000లో నాకు పుంగనూరు నుంచి కుప్పం బదిలీ అయింది. మరుసటి ఏడు కమలాక్షి తుంటి మళ్లీ నొప్పి పెట్టసాగింది. కుప్పంలో ఒక నర్సింగ్ హోముకు ఆదివారాలు బెంగళూరు నుంచి రైల్లో ఒక ఎముకల డాక్టరు వచ్చేవాడు. ఎక్స్‌రే ఫోటోలు తీయించి చూసి, గిన్నె లోపలి ప్లాస్టిక్ అరిగిందన్నాడు. అది, గుండు మారిస్తే చాలు, కడ్డీ ఎముకలో గట్టిగా పట్టుకుని ఉంది, దాన్ని కదిలించే పని లేదన్నాడు. ఆపరేషను రెండు గంటలు పట్టింది. బయటికి వచ్చి నవ్వుతూ, “ఆ రాడ్ మనకంటే ఎక్కువ వర్షాలు ఉంటది సార్,” అన్నాడు. వర్షాలంటే కన్నడంలో సంవత్సరాలు. నాకూ నవ్వొచ్చింది.

2003లో మళ్లీ పుంగనూరు వచ్చాము. కాగితం జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి కొత్త ఇంటి వంటగదిలో అంటించాను. పాత వీధే కాబట్టి మారెమ్మ మళ్లీ పక్కిల్లే అయింది.

ఆ శుక్రవారం పదో తరగతి పరీక్షల మొదటి రోజు. నేను ఏడింటికే బడికి పోయాను. ఎనిమిది కాకముందే మారెమ్మ కొడుకు సైకిలు మీద వచ్చి, అమ్మ పడిపోయిందన్నాడు.

కమలాక్షి వాకిట్లో పక్కకు ఒరిగి పడి ఉంది. ముగ్గు గిన్నె బోర్లాపడింది. గిన్నె నుంచి ఆమె దాకా మూరెడు తెల్లటి చార. ఆమె కుడిచేతి వేళ్లకు ముగ్గుపిండి. నేను ముందు చూసింది ఆ వేళ్లను. ముఖం తర్వాత చూశాను.

“కూర్చున్నావా?” అన్నాను.

“లేదు.”

“మరి సేతికి ముగ్గు యాల ఉండాది?”

“మారెమ్మ వస్తాదని గిన్నె ఎత్తుకోనొస్తాంటి. నిలబడే ఉండినా. లోపల పట్‌మనింది. కాలు నాది కాకుండా పోయింది.”

మారెమ్మ తల పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. “నేనొచ్చేటప్పటికే పడిపోయి ఉండాది అయివారూ. రోంత ఆలీసమైతే ఏమాయె, ఆగుంటే పోయుండునే తల్లీ, నేను ఏస్తాను గదా,” అంది. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. ఆమెకూ ఆ తెల్ల చార ముగ్గు మొదలులాగే కనిపించింది.

జీపు మాట్లాడి మదనపల్లె తీసుకుపోయాను. దోవ పొడుగునా కమలాక్షి మూలగలేదు.

ఫోటోలో కడ్డీ మెడ దగ్గర రెండుగా ఉంది. ప్రతాప్ అనే డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. మంచం దగ్గరికి వచ్చి కమలాక్షిని అడిగాడు.

“కింద కూర్చున్నారామ్మా?”

ఆమె నోరు తెరిచింది. నేను, “కూర్చుంది సార్. ముగ్గు వేయడానికి,” అన్నాను.

డాక్టరు కేసు షీటులో రాసుకున్నాడు. కమలాక్షి నోరు మూసుకుంది. ఇంకెవరూ ఆమెను ఏమీ అడగలేదు.

విరిగిన మెడను అతకడం కుదరదు, కడ్డీ మొత్తం బయటికి తీసి వేరేది పెట్టాలి అన్నారు. సోమవారానికి నిర్ణయించారు. ఆ మూడు రోజులూ నేను ఆమెతో ఎలా ఉన్నానో చెప్పాలి. కోప్పడలేదు. వేళకు మందులిచ్చాను, తల దువ్వాను, అన్నం కలిపి పెట్టాను. కానీ తప్పు చేసిన పిల్లవాడు ఒప్పుకునేదాకా వాణ్ని బల్ల మీద నిలబెట్టి, మిగతా తరగతికి మామూలుగా పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఉంటారు. నేను ఆ రకం. గొంతు ఎత్తను. ఆగుతాను.

సోమవారం పొద్దున ఆమెను తీసుకుపోవడానికి బండి తెచ్చి మంచం పక్కన నిలిపారు.

“ఏడేండ్లు కాపాడినావు. ఒక్క దినం కూర్చున్నావు. అది చెప్పేస్తే అయిపోతుంది కదా. నాకు అబద్ధం యాల చెప్తావు?” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. అలసట ఉంది.

“సరే అయివారూ. తప్పయింది. ఇప్పుడు మీ మనసు సల్లగుండాదా?”

“ఉంది,” అన్నాను.

ఆపరేషను ఐదు గంటలు పట్టింది. కడ్డీ మిగతా భాగం ఎముకను వదల్లేదు. తొడ ఎముకను నిలువునా చీల్చి తీయవలసి వచ్చింది. రక్తం బాగా పోయింది. అయినా తట్టుకుంది. గురువారం పొద్దున నర్సు ఆమెను లేపి దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. కాఫీ గ్లాసు అందించబోతుంటే, ఊపిరి ఆడడం లేదని చేత్తో సైగ చేసింది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందని తర్వాత చెప్పారు. పది నిమిషాలు పట్టలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు లోపలి నుంచి తీసిన లోహపు ముక్కలు రెండూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీ వస్తువు కాబట్టి మీకే ఇవ్వాలని ఇచ్చారు. బీరువాలో ఆమె చీరల కింద పెట్టాను.

వాళ్ల ఊరి పొలంలోనే మట్టి చేశాము. అందరూ వెళ్లిపోయాక చెంగమ్మత్త నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“ముగ్గేసేదానికే కూర్చునిందా నాయనా?”

“అవునత్తా.”

“అంతకుముందు సోమవారం మీ ఇంటికి వచ్చినప్పుడు నేనే అంటి. ఏందే కమలా, వాకిలి ఇంత బోసిగా పెట్టుకోనుండావే, శుక్రవారమొకటే ముగ్గెయ్యల్లనా అని. నవ్విందే గానీ ఏమీ అన్లేదు. మనసులో పెట్టుకోనుండాది.”

నేను ఆమెను ఓదార్చాను. నీ తప్పేముంది అత్తా, దానికి బుద్ధుండాలి కదా అన్నాను. నా మాటల్లో ఇప్పటికీ నా చెవిలో ఉండిపోయింది అదొకటి.

తర్వాత నెలకొకసారి ఆమె రక్తపోటు మాత్రలు తీసుకుని ఆ ఊరికి పోయేవాణ్ని. ఆ ఇంటి ముందు ముగ్గు లేదు. కల్లాపి చల్లి వదిలేసేది. ఒకసారి ఎదురింటావిడ కమలాక్షి సంవత్సరీకం కూడా అయిపోయె గదా, ఇంకా యాల ఎయ్యవు అని అడిగితే, నా ముందరే, “ఆ మాట అనిన నోరు ఇంకా తింటానే ఉండాది గదమ్మా. సెయ్యన్నా ఊరికే ఉండనీ,” అంది. డెబ్బై ఏళ్ల మనిషి. రోజుకు ఒక పూటే తింటోందని ఎదురింటావిడ నాకు చెప్పింది.

2006 జూన్‌లో, బళ్లు తెరిచిన వారంలో, పుంగనూరు నుంచి మదనపల్లెకు పోతున్న ప్రైవేటు బస్సు ఊరు దాటిన కాసేపటికి ఒక పక్కకు కుంగి ఆగిపోయింది. వెనక చక్రం మీద బస్సు బరువు మోసే ఉక్కు కమాను కట్టల్లో ఒకటి విరిగింది. కబురందుకుని యజమాని మోటారు సైకిలు మీద వచ్చాడు. దిగుతూనే డ్రైవరు మీద పడ్డాడు.

“గుంతలో దించినావు గదరా. కండ్లు యాడ పెట్టుకోనుండావు?”

“నేను దించలేదన్నా. రోడ్డు సాపుగానే ఉండాది. కావాలంటే ఎనక్కి పోయి సూడు.”

“సూసేదేంది! కట్ట దానంతట అది ఇరుగుతాదా? అది పుట్టి నాలుగేండ్లు కాలేదు. నీ సేతికొచ్చినాక ఇరిగింది.”

“నేనేమన్నా కొరికినానా దాన్ని?”

మేము దిగి చింతచెట్ల కింద నిలబడి వింటున్నాము. పుంగనూరులో పలమనేరు రోడ్డున షెడ్డు పెట్టుకున్న మునికృష్ణ సామాన్లతో ఆటోలో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలకు దారం కట్టుకున్న మనిషి. ఎవరితోనూ మాట్లాడకుండా బస్సు కిందికి దూరి గంటసేపు పనిచేసి, విరిగిన ముక్కను బయటికి లాగాడు. మసిగుడ్డతో విరిగినచోట తుడిచి, బొటనవేలితో తడిమాడు.

“అన్నా, వాణ్ని తిట్టొద్దు. మొన్నెప్పుడో చాసీకి వెల్డింగ్ ఏయిస్తివి గదా. ఎవురు ఏసినారు?”

“పలమనేరులో ఏయిస్తిమి. అది పోయిన ఏడు. యాల?”

“ఆ మారాజు కరెంటు వస్తాందా లేదా అని రాడ్డును ఈ కట్ట మింద ఒగసారి గీకి సూసుకున్నాడు. ఇద్దో, వాత. పుట్టుమచ్చంత ఉండాది సూడు. తెగింది ఆడ్నుంచే.”

“అంత మచ్చకా?”

“అంత మచ్చకే. కరెంటు నిప్పు తగిలిన తావున ఇనుము గుణం మారిపోతాది. పైకి ఏమీ తెలీదు. బండి పోతానే ఉంటాది, అది ఊగతా ఊగతా లోపల్లోపల నెర్రె ఇస్తాది. ఒగ దినం పట్‌మంటాది. ఆ దినం స్టీరింగు ఎవుని సేతిలో ఉంటే వాడే దొంగ.”

“ఇప్పుడు సెప్పన్నా,” అన్నాడు డ్రైవరు. జనం నవ్వారు. యజమాని కూడా నవ్వి బీడీ కట్ట తీసి డ్రైవరుకు అందించాడు.

నేను మదనపల్లెకు పోలేదు. ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. పట్‌మంటాది అన్న మాట వినగానే వాకిలి గుర్తొచ్చింది. బీరువా తీసి డబ్బా బయట పెట్టాను. ఏడాదిగా దాన్ని తెరవలేదు. కిటికీ దగ్గర కూర్చుని, గుండున్న పైముక్కను తిప్పి తిప్పి చూశాను. విరిగిన అంచున గోధుమరంగులో రెండు మచ్చలున్నాయి, ఆవగింజలంత. చూడడం నాకు రాదు. మరకలేమో అనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

మరుసటి రోజు బడి అయ్యాక మునికృష్ణ షెడ్డుకు పోయాను. ముక్కలు రెండూ అతని చేతిలో పెట్టాను.

“ఏం బండిది సార్ ఇది? తేలిగ్గా ఉండాదే.”

“బండిది కాదప్పా. నా భార్య తుంటిలోది.”

అతను చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగాడు. షెడ్డు లోపలికి పోయి చేతులు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని వచ్చి మళ్లీ తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి తలెత్తి అడిగాడు.

“మనిషి లోపల వెల్డింగ్ ఎవురు ఏసినారు సార్?”

నేను వంగి ఆ మచ్చలను మళ్లీ చూశాను.

“ఈ లోహం నాకు తెలీదు. తెలీందాన్ని తెలుసని సెప్పను. కానీ ఇరిగిన ముఖం అన్నిటికీ ఒగటే మాదిరి ఉంటాది. ఇట్ల రాండి, ఎలుతురుకు. ఈ మచ్చ కాడ మొదలైంది. ఈడ్నుంచి ఇంతదాకా నున్నగుండాదా, ఏరు అరగదీసిన రాయి మాదిరి? ఇది పాత నెర్రె. ఏండ్ల కొద్దీ రాసుకోని రాసుకోని నున్నగయింది. ఈ కొసన గరగరమంటాంది సూడండి, ఇదొకటే ఆ దినం తెగింది. మూడు వంతులు అంతకుముందే పోయుండాది సార్. ఆయమ్మ పావు వంతు ఇనుము మింద నడస్తా ఉండింది.”

“కింద కూర్చుంటే ఇట్ల విరుగుతుందా?”

“కూర్చుంటే కూర్చున్నప్పుడు, నిలబడితే నిలబడినప్పుడు. దానికి రోజు దగ్గర పడింది, అంతే.”

ఆ మాట విన్నాక ఇంటికి నడిచి వచ్చాను. ఒక విషయంలో నన్ను నేను సరిదిద్దుకోవాలి. కమలాక్షి ఆ రోజు కూర్చోలేదని ఆ ఇనుము చెప్పలేదు. ఏ ఇనుమూ అది చెప్పలేదు. ఆమె మాటను నమ్మకపోవడానికి నాకున్న ఒకే ఒక కారణం, కూర్చోకుండా అది విరగదన్నది. ఆ కారణం పోయింది. మిగిలింది ఆమె మాట.

ఆపరేషన్లలో కరెంటుతో కోసే కత్తి వాడతారని ఎక్కడో చదివాను; కడ్డీ పెట్టాక ఆ తుంటిని మళ్లీ కోసింది కుప్పంలోనే, ఆ ఆదివారం అక్కడికి వెళ్లాను. నర్సింగ్ హోము ఉంది. బెంగళూరు డాక్టరు రావడం మానేసి మూడేళ్లయిందట. అప్పట్లో ఆపరేషన్లలో పక్కన నిలబడే యమున అనే నర్సు మాత్రం ఇంకా అక్కడే పనిచేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కమలాక్షి సంగతి చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను గొడవకు రాలేదని, ఒక్క సంగతి తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాను.

“ఆ ఆపరేషన్లో కరెంటుతో కోసే కత్తి వాడినారా అమ్మా?”

“అన్నిటికీ వాడతారు సార్. కోసేదీ అదే, నెత్తురు ఆపేదీ అదే. పాత గాయం కదా, లోపలంతా గట్టిగా పెరిగిపోయి ఉండె. ఇనుము సుట్టూ ఆ కండ తీసేదానికి శానా కష్టపడినారు డాక్టరు.”

“అది ఇనుముకు తగిలిందా?”

కారిడారులో ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయేదాకా ఆగింది.

“చిట్ చిట్‌మని రెండు మూడుసార్లు మెరిసింది. మెరిస్తే డాక్టరు, దీపావళి వచ్చేసిందే అన్నారు. మేమంతా నవ్వినాము. కండ కాలితే భయపడతాం గానీ ఇనుముకేమవుతాది అనుకున్నాము సార్. అప్పుడు ఎవురికీ తెలీదు. దేవుని సాక్షిగా తెలీదు.”

తెలియదని నేను నమ్మాను. ఆమె చెప్పిన వెంటనే నమ్మాను.

మదనపల్లెలో డాక్టర్ ప్రతాప్ ముక్కలను టేబులు మీద తెల్లకాగితం పరిచి పెట్టుకున్నాడు. నేను విన్నదంతా చెప్పాను. వెల్డింగ్ షెడ్డు మాట వచ్చినా అతను నవ్వలేదు. కరెంటు కత్తి లోహానికి తగిలితే ఆ చుక్క మేర ఒక్క క్షణం కరిగి గడ్డకడుతుందని, ఆ చుక్క పెళుసుబారి అక్కడినుంచి బీట మొదలవుతుందని చెప్పాడు. ఇలాంటివి వేరే చోట్ల కూడా బయటపడ్డాయని ఇప్పుడిప్పుడే వింటున్నామన్నాడు. మెడ దగ్గర సన్నగా ఉంటుంది, నడిచే ప్రతి అడుగు బరువూ దాని మీదే పడుతుంది.

తర్వాత అన్నాడు: “ఇది ఆ రోజే నేను చూసి ఉండాల్సింది మాస్టారూ. కడ్డీ మెడ అంత తేలిగ్గా విరగదు. ఎందుకు విరిగిందా అని నాకూ అనిపించింది. మీరు కూర్చుంది అన్నారు. కారణం దొరికిందనుకుని ఆపేశాను.”

“అప్పుడే తెలిసి ఉంటే?”

“ఆపరేషను తప్పేది కాదు. మిగతాది చెప్పలేను.”

పాత కేసు షీటు తెప్పించాడు. కింద కూర్చున్నందువల్ల అన్న వాక్యం అక్కడ ఉంది. కొట్టేయమని అడిగాను. రాసింది కొట్టేయకూడదు, కింద ఇంకో మాట రాస్తానన్నాడు. ఆ రోజు తేదీ వేసి, పాత ఆపరేషనులో కరెంటు కత్తి తగిలిన మచ్చల దగ్గర లోహం అలసి విరిగినట్టు కనబడుతోందని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. నేను రెండుసార్లు చదివాను. అందులో కమలాక్షి చేసిన పని ఏదీ లేదు.

అక్కడినుంచే కురబలకోట వైపు బస్సెక్కాను. ఊరికి చేరేసరికి మూడు కావస్తోంది. చెంగమ్మత్త నడవలో చాట ముందర పెట్టుకుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

“ఈ నెల ముందరే వచ్చినావే నాయనా. మాత్రలు ఇంకా ఉండాయి. కూర్చో, ఎండనబడి వచ్చినావు. సద్ది ఉండాది, తాగుతావా?”

“వద్దత్తా.” కూర్చున్నాను. “కమలాక్షి కింద కూర్చోలేదత్తా,” అన్నాను.

ఆమె చేతిలో కాయ చిట్లింది. గింజలు చాటలో పడ్డాయి. “ఎవురు సెప్పినారు?”

“ఆమే చెప్పింది. పడిన దినమే. నిలబడి ఉండినా అని.”

“మరి నువ్వు కూర్చునింది అంటివే.”

“నేను నమ్మలేదు.”

ఇనుము సంగతి చెప్పాను. కుప్పంలో మెరుపు, మచ్చ, బీట, నాలుగేళ్లు అది లోపల పెరగడం. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి బస్సు కమాను కట్ట సంగతి కూడా చెప్పాను. కళ్లు ఆర్పకుండా వింది.

“అయితే ముగ్గు వల్ల కాదా?”

“కాదు.”

“నేను అనిన మాటకు కాదా?”

“కాదత్తా. దానికీ దీనికీ సంబంధం లేదు. నడస్తాన్నప్పుడో, నిలబడినప్పుడో, ఎప్పుడైనా విరిగేదే. మారెమ్మకు ఇద్దామని గిన్నె తెస్తాండింది, అంతే.”

“ఏడాది మూడు నెల్లు,” అంది. చాటను పక్కకు జరిపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. అలాగే, “ఆసుపత్రిలో నా మింద కోపంగా ఏమన్నా అనిందా? ఇన్ని దినాలూ అడగల్లని అడగలేకపోతి,” అంది.

“నీ మాటే ఎత్తలేదు.”

అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆమెకు కావలసింది ఆమెకు దొరికింది. ముఖంలో ఏదో సడలడం కనిపించింది. కానీ నేను చెప్పడానికి వచ్చింది సగమే చెప్పాను. ఆ సగం ఆమెకు మేలు చేసేది. మిగతా సగం నాది.

“అత్తా, ఆపరేషనుకు తీసుకుపోయేముందు నేను ఆమె చేత తప్పు ఒప్పించినాను. కూర్చున్నానని చెప్పు అని అడిగినాను. తప్పయింది అనింది. అని లోపలికి పోయింది.”

ఆమె తలెత్తింది.

“సెయ్యని తప్పుకా?”

“అవును.”

“ఎన్నిసార్లు అడిగితివి?”

“మూడు దినాలు.”

బయట మేకలు పోతున్న చప్పుడు, వాటి వెనక ఎవరో అదిలిస్తున్న చప్పుడు వచ్చి పోయింది. చెంగమ్మత్త చాటను మళ్లీ ముందుకు లాక్కుంది. ఒక కాయ తీసుకుంది. ఒలిచింది. ఇంకొకటి ఒలిచింది. నా వైపు చూడకుండానే అంది.

“ఐదింటికి బస్సు ఉండాది. పో అప్పా.”

పెళ్లయిన నాటినుంచి ఆమె నన్ను నాయనా అనే పిలిచింది. అప్పా అన్నది అంగడివాళ్లను, బస్సు కండక్టర్లను, దోవ అడిగినవాళ్లను పిలిచే పిలుపు. అందులో అమర్యాద ఏమీ లేదు.

లేచి చెప్పులు వేసుకున్నాను. రోడ్డు మీదికి వచ్చి చూసుకుంటే నాలుగు కూడా కాలేదు.